పశ్చిమ ప్రకాశంలో ఆకుపచ్చ రంగు

ఆకుపచ్చ, దృశ్య వర్ణపటంలో పసుపు, నీలం రంగుల మధ్య ఉండే రంగు. దీని తరంగదైర్ఘ్యం సుమారు 495 నుండి 570 నానోమీటర్ల వరకు ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల పరిసరాలలో ఈ రంగు ఋతువులను, నీటి లభ్యతను బట్టి ఎంతగానో మారుతుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. వర్షాధార సేద్యం ఎక్కువగా గల ఈ మెట్టసీమలో పచ్చదనాన్ని చూసి వానలను, పంటల స్థితిని అంచనా వేస్తారు. అయితే కంటికి కనిపించే పచ్చదనం, ఫొటోలో కనిపించే పచ్చదనం ఎల్లప్పుడూ ఒకటి కావు.

పేరు

తెలుగులో "పచ్చ" అనే మాట ఆకుపచ్చకు, పసుపుకు కూడా వర్తిస్తుంది. అందువలన ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసి చెబుతారు. పచ్చకామెర్లు, పచ్చగన్నేరు అనే మాటలలో పచ్చ అంటే పసుపే. పచ్చిక, పచ్చిరొట్ట వంటి మాటలు లేతదనాన్ని, తడిని సూచిస్తాయి. "పచ్చగా ఉండు" అనే దీవెనలో అర్థం సమృద్ధి.

ప్రకృతిలో

ఆకులకు ఈ రంగు పత్రహరితం వలన వస్తుంది. ఇది ఎరుపు, నీలం కాంతులను ఎక్కువగాను, ఆకుపచ్చ కాంతిని తక్కువగాను గ్రహిస్తుంది. నల్లమల అడవులలో అధిక భాగం ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, చిరుమాను వంటి చెట్లు నీటిని పొదుపు చేసుకోవడానికి ఎండాకాలంలో ఆకులు రాలుస్తాయి. అందువలన మార్చి, ఏప్రిల్ నెలలలో దిగువమెట్ట, దోర్నాల కొండలు గోధుమరంగులో కనిపిస్తాయి. నైరుతి ఋతుపవనాలు వచ్చిన తరువాత అవే కొండలు దట్టమైన పచ్చదనం సంతరించుకుంటాయి.

పచ్చదనమంతా మేలుకు గుర్తు కాదు. అమెరికా ఖండం నుండి వచ్చిన సర్కారు తుమ్మ లోతైన వేళ్ళ వలన కరువులో కూడా పచ్చగా ఉంటుంది. చెరువు నీటిని కప్పివేసే గుర్రపుడెక్క కూడా ఇటువంటిదే.

ఫొటోగ్రఫీలో

పగటి వెలుతురులో మానవుని కన్ను సుమారు 555 నానోమీటర్ల వద్ద, అనగా ఆకుపచ్చ ప్రాంతంలో, అత్యంత సునిశితంగా ఉంటుంది. దీనిని అనుసరించి కోడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ ఒక వడపోత అమరికను రూపొందించాడు. దానికి 1976లో పేటెంటు లభించింది. ఇందులో ప్రతి 4 గడులలో 2 ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయిస్తారు. నేటి డిజిటల్ కెమేరాలలో అధిక భాగం ఈ పద్ధతినే వాడుతున్నాయి.

ఫొటోలో పచ్చదనం మారడానికి ముఖ్య కారణాలు:

* చెట్టు నీడ: ఆకుల గుండా వచ్చే వెలుతురు మనుషుల ముఖాలపై కూడా పచ్చని ఛాయ వేస్తుంది. కెమేరా దానిని సరిచేయబోయి ఆకుల రంగును తగ్గించవచ్చు.
* మిట్టమధ్యాహ్నం: ఆకులపై గల మైనపు పూత ఎండకు తెల్లగా మెరిసి అసలు రంగును కప్పివేస్తుంది. పోలరైజర్ వడపోత ఈ మెరుపును తగ్గిస్తుంది.
* ముదురు నేపథ్యం: మార్కాపురం పలకరాయి గుట్టల ముందు మొక్కను తీసినపుడు కెమేరా వెలుతురును పెంచుతుంది. ఆకు వెలిసిపోయినట్లు కనిపిస్తుంది.
* ఫోను సవరణలు: అనేక ఫోన్లు రంగులను వాటంతట అవే గాఢం చేస్తాయి.

పంటల ఫొటోలు

కంది, మిరప, ప్రత్తి ఆకులను ఫోనులో ఫొటో తీసి పంపి సలహా అడిగేటపుడు ఈ తేడా కీలకమవుతుంది. నత్రజని లోపిస్తే ముందుగా ముదురు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇనుము లోపిస్తే లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఫోను రంగును గాఢం చేస్తే తొలి లక్షణాలు కనబడవు. వెలుతురు ఎక్కువైతే లోపం లేని మొక్క కూడా పాలిపోయినట్లు కనబడి, అనవసరంగా ఎరువు వేసే అవకాశం ఉంది. అందువలన పక్కన తెల్లకాగితం, ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకు ఉంచి, ఎండ నేరుగా పడని చోట ముదురు, లేత ఆకులు రెండింటినీ తీయడం మంచిది.

వరికి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకురంగు పట్టిక ఉంది. కంభం చెరువు ఆయకట్టు వంటి చోట్ల ఫొటో కంటే ఈ పట్టికయే నమ్మదగినది. ఆకుపై తమ నీడ పడేటట్లు నిలబడి రంగును పోల్చాలి.

ఉపగ్రహ చిత్రాలు

ఆరోగ్యవంతమైన ఆకు కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని అధికంగా పరావర్తనం చేస్తుంది. ఉపగ్రహాలు ఈ కాంతిని ఎరుపు కాంతితో పోల్చి పచ్చదనాన్ని కొలుస్తాయి. 1972లో అమెరికా ప్రయోగించిన ల్యాండ్‌శాట్, 1988లో ప్రయోగించిన భారత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ ఈ కోవలోనివి. ఇటువంటి మిథ్యావర్ణ చిత్రాలలో వృక్షజాలం ఎరుపుగా కనిపిస్తుంది. అయితే అందులో పంట ఏదో, సర్కారు తుమ్మ ఏదో నిర్ధారించడానికి పొలానికి వెళ్ళి చూడడం అవసరం.

ఇవి కూడా చూడండి

* నల్లమల అడవులు
* కంభం చెరువు
* పత్రహరితం