కటకం లేని కెమేరా

ఛాయాచిత్రమనగానే కెమేరా, కెమేరా అనగానే దాని కటకం మన తలపునకు వస్తాయి. కటకం ఎంత విలువైనదైతే చిత్రం అంత గొప్పదన్న భావం కూడ లోకంలో ఉన్నది. కాని కటకమే లేకుండా, ఒక రేకు డబ్బాకు సూదితో పొడిచిన రంధ్రంతో చిత్రాలు తీయవచ్చు. దీనినే సూదిబెజ్జం కెమేరా అంటారు. ఇందుకు కావలసిన ధనం స్వల్పం. ఓర్పు మాత్రం అధికం. ఆ ఓర్పే ఈ కెమేరాకు ఒక విచిత్రగుణాన్ని ప్రసాదించింది. నిలిచి ఉన్నవాటిని ఇది శ్రద్ధగా చూస్తుంది, కదిలేవాటిని మరచిపోతుంది.

వెలుగు సూటిగా పయనిస్తుంది. చెట్టు కొననుండి వచ్చిన కిరణం సన్నని రంధ్రం గుండా దూరి ఎదుటిగోడపై దిగువను పడుతుంది. మొదలునుండి వచ్చిన కిరణం ఎగువను పడుతుంది. అందుచేత బింబం తలక్రిందులవుతుంది. పదకొండవ శతాబ్దంలో అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైథమ్ ఈ విషయాన్ని పరిశోధించి గ్రంథస్థం చేశాడు. హంపీ విరూపాక్షాలయంలో రాజగోపురపు ఛాయ లోపలి గదిగోడపై తలక్రిందులుగా పడడం యాత్రికులకు తెలిసినదే. సూర్యగ్రహణవేళ చెట్టునీడలో నేలమీద కనిపించే నెలవంకలకు కారణం కూడ ఇదే. అక్కడ ఆకుల సందులే రంధ్రాలు.

ఇక నిర్మాణం. మూత బిగువుగా పట్టే బిస్కట్ల డబ్బా ఒకటి తీసుకొని, లోపలంతా మెరుపులేని నల్లరంగు పూయాలి. ఒకవైపు చిన్న కిటికీ కోయాలి. శీతలపానీయపు డబ్బానుండి పలుచని అల్యూమినియం రేకుముక్కను కత్తిరించి, సన్నసూదితో బెజ్జం చేసి, అంచులను గరుకు కాగితంతో నునుపుచేసి, ఆ కిటికీకి అతికించాలి. బెజ్జానికీ వెనుకగోడకూ నడుమ 10 సెంటీమీటర్ల దూరమున్నచో, బెజ్జపు వ్యాసం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండడం మేలు. అంతకంటె పెద్దదైతే బింబం మసకబారుతుంది. మరీ చిన్నదైతే వెలుగు చెదరి మరల మసకే మిగులుతుంది. బెజ్జంమీద అతికించిన నల్లని టేపుముక్కే ఈ కెమేరాకు తలుపు.

ఎర్రదీపం వెలిగించిన చీకటిగదిలో, నలుపుతెలుపు బొమ్మలు అచ్చువేసే బ్రోమైడు కాగితాన్ని వెనుకగోడకు అమర్చి మూత పెట్టాలి. మంచి ఎండలో ఒకటి రెండు నిమిషాలు టేపు తీసి ఉంచితే చాలు. డబ్బా కదలకుండా పైన ఒక ఇటుక పెట్టడం మంచిది. పిమ్మట కాగితాన్ని డెవలపరులో ముంచి, నీటిలో జాడించి, హైపోలో ఉంచితే నెగటివు సిద్ధమవుతుంది. దానిని ఫోనుతో చిత్రించి నలుపుతెలుపులను తారుమారు చేసుకోవచ్చు. లేదా మరొక కాగితంపై అచ్చువేయవచ్చు.

ఆ ఒకటి రెండు నిమిషాలలోనే ఈ కెమేరా రహస్యమంతా ఉన్నది. 1838లో పారిస్ నగరంలో డాగెర్ ఒక రద్దీవీధిని చిత్రించాడు. బండ్లూ బాటసారులూ కదిలిపోయినందున ఆ వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బూట్లకు పాలిషు చేయించుకుంటూ నిలుచున్న మనిషి మాత్రం స్పష్టంగా మిగిలాడు. పాలిషు చేసేవాని రూపం మసకబారింది. మన గుంటూరు సీమకు చెందిన అమరావతి శిల్పాలకు ఈ చిక్కు లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు పంపిన ఆ సున్నపురాతి ఫలకాలను, 1858లో కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అక్కడ చిత్రించాడు. రాతిని కదలవద్దని వేడుకోనక్కరలేదు కదా!

ఈ ఓర్పును నెలల తరబడి సాగించేవారు కూడ ఉన్నారు. డిసెంబరు 22 ప్రాంతంలో ఇటువంటి డబ్బాను డాబామీద తూర్పుముఖంగా కట్టి, జూన్ 21 వరకు కదపకుండా ఉంచితే, ఉత్తరంగా జరిగే సూర్యుని దారి రోజుకొక గీతగా కాగితంపై నిలుస్తుంది. మబ్బుపట్టిన రోజున గీత తెగిపోతుంది. ఈ కాగితాన్ని డెవలపరులో ముంచకూడదు. ఉన్నదున్నట్లుగా నకలు తీసుకోవాలి. బెజ్జం గుండా సూర్యుని వైపు కంటితో చూడడం మాత్రం ఎన్నడూ తగదు.

బ్రోమైడు కాగితానికి మరొక గుణమున్నది. అది ఎరుపును చూడలేదు. ఎర్రదీపం క్రింద దానిని నిర్భయంగా పట్టుకోగలగడం అందువల్లనే. కనుక మన ప్రాంతపు నల్లరేగడి, తెల్లని ప్రత్తి, ఎర్రని మిరప అనే మూడు రంగులు చిత్రంలో రెండే అవుతాయి. ప్రత్తి తెల్లగానే ఉంటుంది. మిరపపండ్లు నేలతోపాటు నల్లబడతాయి. కంటికి నిప్పులకుప్పవలె తోచిన కళ్ళం, చిత్రంలో బొగ్గులకుప్ప అవుతుంది. ఇది లోపమని విసుగుచెందక, రంగు తొలగినపుడు మిగిలే ఆకారాన్ని, నీడను చూడడం నేర్చుకోవడమే ఔత్సాహికుని మొదటి పాఠం.

రెండవ పాఠం కళ్ళంలోని మనుషులనుగూర్చి. కాయలు తిరగవేసేవారు, తొడిమలు తీసే స్త్రీలు, బస్తాలు మోసేవారు పనిలో ఉండగా టేపు తీసినచో, చిత్రంలో మిరపరాసులు మాత్రమే నిలుస్తాయి. ఆ రాసులను పోసిన చేతులు పొగమంచువలె కరిగిపోతాయి. పంట నిలిచి, పండించినవారు మాయమైన ఆ చిత్రం అందంగానే ఉండవచ్చు. కాని అది సగం నిజం. అందుచేత ఒకేచోట రెండు చిత్రాలు తీయవలసిందిగా నా సూచన. మొదటిది పని సాగుతుండగా తీయాలి. రెండవదానికి, వారు విశ్రమించే వేళవరకు వేచి, అనుమతి అడిగి, ఉదయపు లేత ఎండలో ఒక నిమిషం నిశ్చలంగా కూర్చోమని కోరాలి. ఆ నిమిషం వారు మనకిచ్చే దానం. రెంటినీ ప్రక్కప్రక్కన ఉంచితే, శ్రమ ఎక్కడ కనుమరుగైనదో చూపరికి వేరే చెప్పనక్కరలేదు.

2001 నుండి ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం అనేక దేశాలలో సూదిబెజ్జం చిత్రాల దినం జరుపుకుంటున్నారు. ఆ రోజులలో మన సీమలో ఎండకు కొదవ లేదు. కొన్ని కళ్ళాలలో మిరప ఇంకా ఎండుతూనే ఉంటుంది. ఖాళీ డబ్బా ప్రతి ఇంటా ఉన్నది. మీ చిత్రంలో ఎవరు నిలవాలో, ఎవరు కరిగిపోనున్నారో టేపు తీయకముందే ఒక్కసారి ఆలోచించండి.