తన తప్పులను తానే లెక్కించిన వైద్యుడు

వ్యాపారి లాభనష్టములను చిట్టాలో వ్రాసికొనును. ఉపాధ్యాయుడు విద్యార్థుల తప్పులను ఎర్రసిరాతో గుర్తించును. మరి వైద్యుని తప్పులను గుర్తించువా రెవరు? ఈ ప్రశ్నను తన్ను తానే అడుగుకొని, జవాబు కొరకు జీవితమంతయు వెచ్చించినవాడు అమెరికాలోని బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ అమొరీ కాడ్‌మన్ (1869–1940).

హార్వర్డు వైద్యకళాశాలలో చదువు దినములలోనే అతనికి ఈ దృష్టి అలవడెను. అప్పట్లో శస్త్రచికిత్సకు ముందు రోగికి ఈథరుతో మత్తు కల్గించు పని విద్యార్థులకే అప్పగించెడివారు. ఆ మత్తులోనే ప్రాణములు పోయిన సందర్భములు నుండెను. 1894లో కాడ్‌మనును, సహాధ్యాయి హార్వే కుషింగును చికిత్స సాగినంతసేపు రోగి నాడిని కాగితముపై గుర్తింప నారంభించిరి. మేలుగా మత్తు ఇచ్చువా రెవరో చూతమని పందెము కూడ వేసికొనిరి.

పిమ్మట మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడై అతడు చేసిన సూచన మిక్కిలి సులభమైనది. ప్రతి రోగికిని ఒక కార్డుండవలెను. వ్యాధి యేమి, చికిత్స యేమి, ఏడాది గడచిన పిదప రోగి స్థితి యేమి, ఫలితము చెడినచో కారణమేమి అనునవి అందు వ్రాయవలెను. దీనికి ‘తుది ఫలితము’ పద్ధతి యని పేరిడెను. వైద్యులకు పదోన్నతి సైతము సీనియారిటీని బట్టి కాక, ఈ ఫలితములను బట్టియే యుండవలె నని వాదించెను. ఆ వాదము చెల్లకపోగా, 1914లో ఉద్యోగము వదలుకొనెను.

అప్పటికే 1911లో అతడు సొంతముగ ఒక చిన్న ఆసుపత్రి తెరచియుండెను. 1916 వరకు అచ్చట చికిత్స పొంది వెళ్లిన 337 మంది విషయములో 123 పొరపాట్లు జరిగినవని తేల్చి, అచ్చు వేయించి లోకమునకు చాటెను. నేర్పు చాలకనా, వివేచన లోపించియా, రోగనిర్ణయము తప్పియా యని ఒక్కొక్కదానిని విడదీసి చూపెను.

1915 జనవరిలో వైద్యుల సభలో ఒక వ్యంగ్యచిత్రము ప్రదర్శించెను. ఇసుకలో తల దూర్చి బంగారు గ్రుడ్లు పెట్టుచున్న నిప్పుకోడి యది. ఆ పక్షి నగర ధనికవర్గము. గ్రుడ్లు ఏరుకొనువారు వైద్యులు. సభ అట్టుడికిపోయెను. అతని అధ్యక్ష పదవి పోయెను, మిత్రులు దూరమైరి, ఆసుపత్రియు కొలదికాలమునకే మూతపడెను.

అయినను విత్తనము వృథా కాలేదు. అతడు పాటుపడి నిలిపిన శస్త్రవైద్యుల సంఘము దేశములోని 692 పెద్ద ఆసుపత్రులను తనిఖీ చేయగా, కనీస ప్రమాణములకు సరితూగినవి 89 మాత్రమే! 1919లో అంకెలను ప్రకటించిరి గాని, పేర్ల పట్టిక పత్రికలవారి చేత పడునని వెరచి, న్యూయార్కులో ఒక హోటలు కొలిమిలో దగ్ధము చేసిరి. కాగితములు కాలినను ప్రమాణములు నిలిచినవి. ఆ కృషినుండియే 1951లో ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించు జాయింట్ కమిషన్ వెలసెను.

కాడ్‌మన్ సమాధిపై 2014 వరకు పేరు చెక్కిన రాయియైనను లేదు. కాని నేడు ఏ ఆసుపత్రిలోనైనను వైద్యులు కూర్చుండి ‘ఈ రోగి యెందుకు కోలుకొనలేదు?’ అని నిజాయితీగా విచారించినచో, ఆ ప్రశ్న అతనిదే. దాచిన తప్పు మరొక రోగిని వెదకికొని పోవును. వ్రాసిన తప్పు మరొక రోగిని కాపాడును.