ఊదారాయికీ ఓ ఊరుంది

బ్రెజిల్ నుంచి వచ్చిన నిలువెత్తు అమెథిస్ట్ రాయి పక్కన, జర్మనీలోని ఇడార్-ఓబర్‌స్టైన్‌లో దొరికిన బొటనవేలంత ముక్కను పెట్టి చూడండి. వచ్చినవాళ్లంతా పెద్దరాయి ముందే ఫొటో దిగుతారు. ఖనిజాలు సేకరించేవాళ్లు మాత్రం చిన్నముక్క దగ్గర ఆగి, ముందుగా దాని కింది చీటీ చదువుతారు.

ఆ ఊరి పక్కన స్టైన్‌కౌలెన్‌బెర్గ్ అని ఓ కొండ. 25 కోట్ల ఏళ్లకు ముందే పొంగిన లావా అక్కడ గడ్డకట్టినప్పుడు లోపలి వాయువుల బుడగలు గుల్లలుగా మిగిలిపోయాయి. ఖనిజాలు కరిగిన నీళ్లు వాటిలోకి ఊరి, అంచుల వెంట అగేట్ అనే రాతి పొరలు, నడుమ స్ఫటికాలు పేర్చాయి. స్ఫటికంలో లేశమంత ఇనుము, చుట్టూ ఉన్న రాతిలోని సహజ రేడియోధార్మికత కలిస్తే అమెథిస్ట్‌కు ఈ ఊదారంగు వస్తుంది. ఏళ్ల తరబడి ఎండ తగిలితే వెలిసిపోతుంది కూడా. కొలిమిలో కాలిస్తే పసుపుపచ్చగా మారుతుంది; బజారులో సిట్రిన్‌ పేరిట అమ్మే రాళ్లు చాలావరకు ఇలా తయారైనవే.

ఒకప్పుడు అక్కడి వాగుల పొడవునా నీటిచక్రాలతో తిరిగే సానరాళ్లుండేవి. పనివాళ్లు బోర్లా పడుకుని, ఒంటి బరువంతా మోపి రాయిని సానకు అదిమేవారు. కొండలో రాయి తరిగి, ఇళ్లలో ఆకలి పెరిగాక కొందరు దక్షిణ బ్రెజిల్‌లోని రియో గ్రాండె దో సుల్‌కు వలసపోయారు. అక్కడ నేలమీద కనిపించింది తమ ఊరి రాయే, ఎన్నోరెట్లు పెద్దది! 1834లో తొలి అగేట్ సరుకు ఓడెక్కి ఇడార్ చేరింది. సానపని బతికింది, సొంత గనులు మూతపడ్డాయి. అమెథిస్ట్ కూడా బ్రెజిల్ నుంచి విరివిగా రావడంతో, అంతవరకు మహా ఖరీదైన రత్నాల వరసలో నిలిచిన ఆ రాయి చవకైపోయింది. నీలం కొనలేనివారికి శని కోసం మన జ్యోతిషులు దీన్ని సూచించడం వెనక ఈ చవక కూడా ఉందని నా అనుమానం.

మూతపడిన గనిలోంచి కొత్త సరుకు పెద్దగా రాదు. ఉన్న ముక్కలే చేతులు మారుతుంటాయి. కొన్నవాళ్లు పాత చీటీని పారేయకుండా తమది రాసి దానికి చేరుస్తారు. ఏ గని, ఏ ఊరు, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్నవి చెరిగిపోతే ఆ ముక్క వట్టి అందమైన రాయి.

స్టైన్‌కౌలెన్‌బెర్గ్ సొరంగాలు ఇప్పుడు సందర్శకుల కోసం తెరిచారు. గోడల్లో స్ఫటికాలు ఇంకా మెరుస్తున్నాయి, వాటిని పెకలించకూడదు. తవ్వుకోవాలనే సరదా ఉంటే ముందుగా పేరిచ్చి, రుసుము కట్టి, అందుకు కేటాయించిన చోట సుత్తి పట్టొచ్చు.

కొనేవాళ్లకు మోసం భయం ఉండనే ఉంది. బ్రెజిల్ ముక్కకు పాత జర్మన్ చీటీ జతచేస్తే ధర మారిపోతుంది. అప్పుడు సాక్ష్యం రాతిలోనే వెతకాలి: అడుగున అంటిన లావా ఎలాంటిది, పక్కన కాల్సైట్, చాబజైట్ ఖనిజాలు ఉన్నాయా, లోపల గోథైట్ అనే ఖనిజపు సూదులు కనిపిస్తున్నాయా? ఆ గరుకు అడుగంతా చెక్కేసి నున్నగా చేశానని మురిసిపోయే వ్యాపారి దగ్గర నేనైతే కొనను.