పసివాళ్ల ఫిడేలు పాఠానికి ముందు పంతుళ్లకు వేసవి బడి

న్యూఢిల్లీ: మే మాసం మధ్యకు వచ్చేసరికి దేశ రాజధానిలో పాఠశాలలకు తాళాలు పడతాయి. ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరువవుతుంది. ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్‌లలో ఇంటింటికీ తిరిగి సంగీతం చెప్పే ఉపాధ్యాయులకు ఇది రాబడి తగ్గే కాలం. విద్యార్థుల కుటుంబాలు స్వస్థలాలకో, కొండ ప్రాంతాలకో తరలిపోతాయి. పసిపిల్లలకు సుజుకి పద్ధతిలో వయొలిన్ నేర్పదలచిన ఉపాధ్యాయుడు సరిగ్గా ఈ రోజులలోనే డబ్బు వెచ్చించి, తాను విద్యార్థిగా కూర్చోవలసి ఉంటుంది. ఈ పద్ధతిలో ఉపాధ్యాయ శిక్షణ కోర్సులు పలు దేశాలలో వేసవి సెలవులలోనే జరగడం అందుకు కారణం.

సుజుకి పాఠ్య పుస్తకాలు దుకాణాలలో ఎవరికైనా లభిస్తాయి. అయితే పుస్తకం కొన్నంత మాత్రాన ఎవరూ సుజుకి ఉపాధ్యాయులు కాజాలరు. తల్లిదండ్రులు చాలా మంది గమనించని విషయం ఇదే.

మాతృభాషే మార్గం

ఈ పద్ధతికి ఆద్యుడు షినిచి సుజుకి 1898లో జపాన్‌లోని నగోయాలో జన్మించారు. ఆయన తండ్రి మసకిచి సుజుకి వయొలిన్ల కర్మాగారాన్ని స్థాపించినవారు. 1920వ దశకంలో బెర్లిన్‌లో కార్ల్ క్లింగ్లర్ వద్ద వయొలిన్ అభ్యసించిన సుజుకికి ఒక సాధారణ విషయం అసాధారణంగా తోచింది. జపాన్‌లో పిల్లలందరూ జపనీస్ భాషను ఏ వ్యాకరణమూ చదవకుండానే చక్కగా మాట్లాడుతున్నారు. తల్లి మాటను వేలసార్లు విని, అనుకరించి, మెప్పు పొంది భాష నేర్చే శిశువు సంగీతాన్ని మాత్రం ఎందుకు నేర్వజాలడన్నదే ఆయన ప్రశ్న.

యుద్ధానంతరం 1946లో మత్సుమొతో నగరంలో ఆయన బోధన ఆరంభమైంది. 1955లో టోక్యోలో సుమారు 1,200 మంది బాలబాలికలు ఒకేసారి వయొలిన్ వాయించారు. అటువంటి ఒక కచేరీ చలనచిత్రాన్ని 1958లో అమెరికాలోని ఓబర్లిన్‌లో ప్రదర్శించగా అక్కడి సంగీతోపాధ్యాయులు విస్తుపోయారు. 1964లో సుజుకి పదిమంది పిల్లలతో అమెరికాలో పర్యటించారు. 1998 జనవరిలో, తన 99వ ఏట ఆయన కన్నుమూశారు.

కొద్ది రోజుల పాఠం, ఏళ్ల తరబడి సాధన

అమెరికాలో మొట్టమొదటి వేసవి సుజుకి శిక్షణాలయం 1971లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాయింట్‌లో ఆరంభమైంది. మార్జరీ ఏబర్ అనే ఉపాధ్యాయురాలు దీనికి శ్రీకారం చుట్టారు. ఒకే ప్రాంగణంలో పిల్లలకు పాఠాలు, పెద్దలకు బోధనా శిక్షణ ఏకకాలంలో జరగడం ఇటువంటి శిబిరాల ప్రత్యేకత. అనుభవజ్ఞుడైన గురువు నాలుగేళ్ల పిల్లకు కమాను పట్టుకోవడం నేర్పుతుంటే, శిక్షణార్థులు గోడవారన కూర్చుని ప్రతి కదలికనూ రాసుకుంటారు. తరువాత దానిపై చర్చ జరుగుతుంది.

శిక్షణ పుస్తకాల వారీగా సాగుతుంది. మొదటి పుస్తకంలో శిక్షణ పొందినవారే తరువాతి పుస్తకాలకు అర్హులు. అమెరికాలో కోర్సులో చేరేందుకు ముందుగా వాయించి చూపాలి కూడా. మొదటి పుస్తకం 'ట్వింకిల్' రాగంపై అల్లిన లయ భేదాలతో మొదలవుతుంది. పైకి ఇది పసిపిల్లల పాట. కాని కమాను పట్టు, చేతి బరువు, నిలబడే తీరు, చెవి అన్నీ కుదిరేది అక్కడే. అందుకే శిక్షకులు ఆ ఒక్క పాఠానికే చాలా సమయం కేటాయిస్తారు.

పిల్లవానికి మొదటి రోజే అసలు వాద్యం ఇవ్వని గురువులు కూడా ఉన్నారు. అట్ట పెట్టెకు కర్ర బిగించిన నకిలీ ఫిడేలుతో నిలబడటం, గురువుకు వంగి నమస్కరించడం ముందుగా నేర్పుతారు. అటుపై పిల్లవాని చేతి పొడవును బట్టి పదహారో వంతు మొదలుకొని ముప్పావు పరిమాణం వరకు చిన్న వయొలిన్లు ఇస్తారు. తల్లి గానీ తండ్రి గానీ ప్రతి పాఠానికీ హాజరై, ఇంటి వద్ద సాధన చేయించాలి. ఉద్యోగాలకై ఇద్దరూ ఉదయమే ఇల్లు వదిలే రాజధాని కుటుంబాలకు ఈ నియమమే అన్నిటికన్నా కష్టమైనది.

మనకు కొత్తా?

చెవితో విని నేర్వడం, గురుముఖతః అభ్యసించడం భారతీయులకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ వాద్యకారుని వద్ద వయొలిన్ నేర్చి, దానిని కర్ణాటక సంగీతానికి అలవరచి రెండు శతాబ్దాలు దాటింది. విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో అది తెలుగువారి సొంత వాద్యమే అయిపోయింది.

అయితే మన విద్వాంసులు నేలపై కూర్చుని, వాద్యం కొనను కుడి పాదంపై ఆనించి వాయిస్తారు. సుజుకి విద్యార్థి నిలబడి, గడ్డం కింద వాద్యాన్ని నిలుపుతాడు. రాజధానిలో కర్ణాటక, హిందుస్తానీ బాణీలలో ఆరితేరినవారు సైతం ఈ పద్ధతికి మారాలంటే, తమ దేహానికే కొత్త పాఠం నేర్పుకోక తప్పదు. లండన్ సంస్థల గ్రేడ్ పరీక్షలు ఢిల్లీలో జరుగుతున్నప్పటికీ, విద్యార్థి వాయించే తీరును కొలిచే ఆ పరీక్షలు నాలుగేళ్ల పిల్లకు ఎలా నేర్పాలో చెప్పవు.

1979లో ఏర్పడి, ఇప్పుడు ద్వారకలో ఉన్న సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం పాఠశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్నా, దాని లక్ష్యం చదువులో సంస్కృతిని మేళవించడమే తప్ప వాద్య బోధన కాదు.

ఖర్చు ఎవరిది?

విదేశీ కోర్సుకు వెళ్లాలంటే విమాన ఛార్జీ, వసతి, విదేశీ ద్రవ్యంలో రుసుము భరించాలి. దీనికి ఆ నెలల్లో కోల్పోయే రాబడి అదనం. 2020లో కోవిడ్ కారణంగా ఆన్‌లైన్ కోర్సులు రావడంతో ప్రయాణ భారం కొంత తగ్గింది. అయితే కమాను పట్టిన వేళ్లలోని బిగువును చేత్తో తాకి సరిదిద్దడం తెరపై సాధ్యం కాదు. పదిమంది ఉపాధ్యాయులు విమానమెక్కే బదులు గుర్తింపు పొందిన ఒక శిక్షకుడిని ఢిల్లీకి రప్పించి, ఖర్చు పంచుకోవడం చవక. అప్పుడు స్థానిక పిల్లలనే ఎదుట నిలబెట్టి బోధన చూపవచ్చు.

వాద్యాలకు కూడా కొరత లేదు. ఢిల్లీకి 200 కిలోమీటర్ల లోపే ఉన్న ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ వయొలిన్ల తయారీకి పేరొందింది. చైనా సరుకు పోటీతో అక్కడి కార్మికులు అవస్థ పడుతున్నారు. నేర్చుకునే పిల్లలు పెరిగితే వారికీ గిరాకీ పెరుగుతుంది.

ఈలోగా తల్లిదండ్రులు చేయగలిగినది ఒకటుంది. సుజుకి పేరిట బోర్డు చూసి పిల్లవాణ్ని చేర్చే ముందు, ఏ పుస్తకం వరకు, ఎవరి వద్ద శిక్షణ పొందారని ఉపాధ్యాయుడిని అడగడం. నిజంగా శిక్షణ పొందినవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. నాలుగేళ్ల వయసులో తప్పుగా కుదిరిన కమాను పట్టును పదేళ్ల వయసులో మాన్పించడం, కొత్తగా నేర్పడం కన్నా కష్టమని వారికి తెలుసు.