కాలనీ వీధికి ముప్పై చాలదా?

ఆదివారం ఆరాధన ముగిసి జనం గేటు దాటే సమయం ఏ సంఘంలోనైనా ఒకేలా ఉంటుంది. సండే స్కూల్ పిల్లలు ముందు పరుగెత్తుతారు. పెద్దలు ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటూ రోడ్డు మీదే నిలబడిపోతారు. మన ఆలయాలు చాలావరకు ఇళ్ల మధ్యన, ఫుట్‌పాత్ లేని వీధుల్లోనే ఉన్నాయి. అందుచేత నివాస వీధుల్లో వేగ పరిమితిని గంటకు 30 కిలోమీటర్లకు దించాలన్న మాట మనకు పరాయి సంగతి కాదు.

ఆ ముప్పై ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. ఎదుట పిల్లవాడు కనబడ్డాక డ్రైవరు కాలు బ్రేకు మీద పడేసరికి ఇంచుమించు ఒక సెకను గడుస్తుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 14 మీటర్లు కావాలి. అదే 30లో అయితే ఆ సెకనుకు 8 మీటర్లు, ఆగడానికి 5 మీటర్లు, మొత్తం 13. ఇప్పుడు 15 మీటర్ల దూరంలో బంతి కోసం ఓ పిల్లవాడు రోడ్డెక్కాడనుకోండి. 30లో వచ్చిన కారు వాడికి కొంచెం ఇవతలే ఆగిపోతుంది. 50లో వచ్చిన కారుకు అప్పుడప్పుడే బ్రేకు పడుతుంటుంది. దాదాపు అదే వేగంతో వాణ్ణి కొడుతుంది. దెబ్బ తీవ్రత వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 50లోని శక్తి 30లో ఉన్నదానికి సుమారు మూడు రెట్లు. వర్షం పడి రోడ్డు తడిస్తే ఈ దూరాలన్నీ ఇంకా పెరుగుతాయి.

మరి నష్టపోయే కాలమెంత? అర కిలోమీటరు వీధిని 50లో దాటితే 36 సెకన్లు, 30లో దాటితే ఒక నిమిషం. తేడా 24 సెకన్లు.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే. చట్టం ఏం చెబుతోంది? కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్ల మీద కార్లకు గరిష్ఠ వేగం 70, మోటారు సైకిళ్లకు 60. కాలనీ వీధికి ఈ అంకెలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అయితే మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, ప్రజల భద్రత దృష్ట్యా ఒక ప్రాంతానికో రోడ్డుకో ఇంతకంటె తక్కువ పరిమితి పెట్టవచ్చు. ఢిల్లీలో నివాస ప్రాంతాలకు 30 అని 2021లో అలాగే నిర్ణయించారు.

దీనికి వ్యతిరేకత ఉండదనుకోకండి. బ్రిటన్‌లోని వేల్స్ 2023 సెప్టెంబరు 17 నుంచి జనావాస వీధుల్లో పరిమితిని 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే దాదాపు 32 కిలోమీటర్లకు దించింది. సుమారు 31 లక్షల జనాభా గల ఆ చిన్న దేశంలో దాన్ని రద్దు చేయమన్న అర్జీ మీద 4 లక్షల 60 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. చివరికి కొన్ని ముఖ్యమైన రోడ్లను పాత పరిమితికి మార్చుకునే వీలు స్థానిక సంస్థలకు ఇచ్చారు. ఆ అర్జీదారులను మూర్ఖులని కొట్టిపారేయడం న్యాయం కాదు. బస్సులు తిరిగే పెద్ద రోడ్డుకూ ఇళ్ల మధ్య వీధికీ తేడా చూడమన్నారు, అది సబబే. అయినా ఆ మార్పు తర్వాత ఆ రోడ్ల మీద గాయపడినవారి సంఖ్య తగ్గింది. చాలా నివాస వీధుల్లో 30 పాటించే ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 2019లో పాదచారి ఒక్కరూ చనిపోలేదు.

బోర్డు ఒక్కటే పాతితే బండ్లు నెమ్మదించవు. వీధి తీరు కూడా మారాలి. మనవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టే నిటారు గుట్టలు నడుములు విరగ్గొడతాయి, ద్విచక్ర వాహనాలను పడేస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా వాలి ఉంటుంది. ముందుగా హెచ్చరిక బోర్డు, మీద తెల్ల రంగు ఉండాలి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉంది. పడిపోయినవాడి అజాగ్రత్తను అది విచారించదు, ఇంటి యజమానినే బాధ్యుణ్ణి చేస్తుంది. వీధిలో ఆ బాధ్యత బండి నడిపేవాడిది, రోడ్డు వేసేవాడిది. లైసెన్సు లేని కొడుకు చేతికి మోటారు సైకిలిచ్చి యవ్వనస్థుల కూటానికి పంపే తండ్రిది కూడా. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 2019 సవరణలోనే ఉంది.

సంఘ కమిటీ చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. వీధివారందరి సంతకాలతో, పక్కనున్న గుడి, మసీదు, బడి పెద్దలను కూడా కలుపుకొని, మున్సిపల్ కమిషనరుకు, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇవ్వాలి. వీధి పేరు, బడి వదిలే వేళలు, అంతకుముందు ప్రమాదాలు జరిగిన చోట్లు అందులో స్పష్టంగా రాయాలి. ఒక ప్రతిని కలెక్టరు అధ్యక్షతన నడిచే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపి, రసీదు తీసుకోవాలి.