నలభై రెండో రోజు

హోసూరు రోడ్డు, సర్జాపూర్ రోడ్డుల పేర్లలోని తొలి ఇంగ్లీషు అక్షరాలు కలిపి పేరు పెట్టుకున్న బెంగళూరులోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు, మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్స దొరికే రెండు పెద్ద ఆసుపత్రులు ఆ రెండు రోడ్ల మీదే, నగరంవైపు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ 1991లోనే వ్యసన విముక్తి కేంద్రాన్ని తెరిచింది. అదే నేటి సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్. సర్జాపూర్ రోడ్డు మీది సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఈ చికిత్స చేస్తుంది. ఇంత దగ్గరలో వైద్యం ఉన్నా, ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడి పీజీ హాస్టళ్లలో, అద్దె ఇళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తాగుడు నేటికీ నలుగురికీ తెలియకుండా దాచుకోవలసిన విషయంగానే మిగిలింది. దేశమంతటా పరిస్థితి ఇదేనని ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే తేల్చింది: మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినది ఒక్కరికే.

బానిసత్వం అన్న మాటకు వైద్యులు చెప్పే అర్థం స్పష్టమైనది. తాగాలన్న తపన అణచుకోలేకపోవడం, మొదలుపెడితే ఎక్కడ ఆపాలో చేతిలో లేకపోవడం, పాత మోతాదు చాలక పెంచుకుంటూ పోవడం, మానితే ఒళ్లు వణకడం, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతింటున్నాయని తెలిసినా కొనసాగించడం వంటి లక్షణాల్లో కొన్ని కలిసి కనిపించినప్పుడు దాన్ని వ్యాధిగా గుర్తిస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో భాగంగానే లెక్కించింది కనుక, ఏ కేంద్రంలోనైనా రోగిని గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో బంధించడం నేరుగా చట్టవిరుద్ధం.

తెలుగు ఇళ్లలో తాగుడు మానడం అనగానే ముందు గుర్తుకొచ్చేది ఒట్టు, ఆ తర్వాత అయ్యప్ప మాల. మాల వేసుకున్నవాడు 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, గురుస్వామి మాట, తోటి స్వాముల భజన, ఒంటిపూట భోజనం అతని రోజును నిలబెడతాయి. నిన్నటిదాకా విసుక్కున్న ఇంటివాళ్లే ‘స్వామీ’ అని గౌరవంగా పిలుస్తారు. వ్యసన వైద్యం ఏళ్ల పరిశోధనతో కూడగట్టుకున్న సాధనాల్లో చాలావరకు, అంటే నియమబద్ధమైన దినచర్య, సాటివారి తోడు, కొత్త గుర్తింపు, దీక్షలో ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే మాల తీసిన మర్నాడు, అంటే నలభై రెండో రోజున, ఏం చేయాలో చెప్పేవారు ఉండరు. సమాజంలోనూ ఆసుపత్రిలోనూ అందే సహాయ సేవలన్నీ నిజానికి ఆ రోజు కోసమే ఉన్నాయి.

తొలి రోజు గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. ఏళ్లతరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే, మద్యం అణచి ఉంచిన నాడీవ్యవస్థ అదుపు తప్పి రెచ్చిపోతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపించి, ఉన్నచోటు తెలియక, జ్వరంతో, చెమటలతో ప్రాణం మీదికి వచ్చే స్థితి ఏర్పడుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇంట్లో గాలి సోకిందనుకొనే ఈ స్థితికి వైద్యం అత్యవసరం. వార్డులో నర్సు రోగిని రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు ఎడం చేసి పెట్టమంటుంది. వేళ్ల చివర్ల వణుకు, అరచేతి చెమట, నాడి వేగం, ఈ రోజు ఏ వారమన్న ప్రశ్నకు వచ్చే జవాబు, వీటన్నిటినీ కాగితం మీద నమోదు చేస్తుంది. దాన్నిబట్టి లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందుల మోతాదు నిర్ణయించి రోజురోజుకూ తగ్గిస్తారు. మెదడు దెబ్బతినకుండా థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు.

ఈ దశ సాధారణంగా వారం, పది రోజుల్లో ముగుస్తుంది. చాలా కుటుంబాలు ఇక్కడితో బాగైపోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. తపనను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు, ఏ సందర్భంలో చేయి గ్లాసు వైపు వెళుతుందో ముందే గుర్తించడం నేర్పే కౌన్సెలింగ్ నెలల తరబడి సాగాలి. ‘తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం’ అని గోడల మీద కనిపించే ప్రకటనలను నమ్మకూడదు. డైసల్ఫిరామ్ అనే మందు వేసుకున్నవారు మద్యం తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి తీవ్ర పరిణామాలు కలుగుతాయి కనుక, దాన్ని రోగికి తెలిపి, ఒప్పించి, వైద్యుడి పర్యవేక్షణలోనే ఇవ్వాలి. కూరలో కలిపి పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

హెరాయిన్ వంటి నల్లమందు జాతి పదార్థాలకు అలవాటుపడినవారికి బుప్రెనార్ఫిన్ మాత్రలతో దీర్ఘకాల చికిత్స ఉంది. పోలీసు కేసు భయంతో ఆగిపోయేవారు తెలుసుకోవలసినది, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, తక్కువ పరిమాణం కేసుల్లో స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్స పూర్తిచేసుకున్న వ్యసనపరులకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది.

ఆసుపత్రి బయట ఉన్న తోడులో పాతది ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలైన ఈ సంఘంలో రుసుము ఉండదు, ఇంటిపేరు అడగరు. వరుసగా వేసిన కుర్చీల్లో కూర్చున్న సభ్యులు తమ పేరు చెప్పుకొని తాగుబోతులమని ఒప్పుకొని, ఈ ఒక్క రోజుకు తాగకుండా ఉండటం గురించి మాట్లాడుకుంటారు. భార్యలకూ తల్లిదండ్రులకూ అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది. ఇంట్లోంచి కదల్లేనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ సలహా ఇస్తుంది. వ్యసన విముక్తికి ప్రత్యేకంగా 14446 అనే ఉచిత జాతీయ నంబరు ఉంది.

హెచ్‌ఎస్‌ఆర్ వంటి చోట ఒక చిక్కు మిగిలి ఉంది. ఆసుపత్రిలో చేరేవారికి తోడుగా ఇంటివారు ఉండటం మంచిదని వైద్యులు కోరతారు, కానీ పీజీలో ఉండే కుర్రవాడి అమ్మానాన్నలు నెల్లూరులోనో అనంతపురంలోనో ఉంటారు, వారికి చెప్పడానికి అతనికి నోరు రాదు. అతని చేతులు ఉదయం కాఫీ కప్పు పట్టుకోలేకపోవడం మొదట చూసేది పక్క మంచం మీది స్నేహితుడు. ఓపీ చీటీ తీయించి, వరుసలో పక్కన కూర్చొని, తిరిగి రావలసిన తేదీని తన ఫోనులో కూడా గుర్తు పెట్టుకొనే ఆ స్నేహితుడు, అలాంటిచోట ఇంటివాడి స్థానంలో నిలుస్తాడు.