పాడలేని పాటగాడు

మా గుండుగొలనులో పాటలు రాసే పాత విద్యార్థి ఒకడు మొన్న ఓ కాగితం పట్టుకొచ్చాడు. "నాకు పాడడం రాదు మాస్టారూ, ఎవడు రానిస్తాడు? వీళ్లొక్కరే అడిగారు" అన్నాడు. పాటమీది హక్కులన్నీ శాశ్వతంగా రాసిమ్మనే ఒప్పందమది.

గొంతు లేకపోవడం అడ్డంకి కాదు. శ్రీశ్రీ చిత్రరంగంలో అడుగుపెట్టింది 1950 నాటి 'ఆహుతి'తో. హిందీ నుంచి తెలుగు చేసిన చిత్రమది. తెరమీద కదిలే పెదవులకు మాట అతకాలి. 'మహాప్రస్థానం' కవికీ ఆ కూలి తప్పలేదు! (కూలి అంటే చిన్నతనమేమీ లేదు.) వేటూరి పత్రికల నుంచి వచ్చారు, సీతారామశాస్త్రి టెలిఫోన్ శాఖ నుంచి.

సినిమాలో సాధారణంగా బాణీ ముందు, మాట తర్వాత. సంగీత దర్శకుడి 'తననన'లో గురువు ఎక్కడ సాగుతుందో, లఘువు ఎక్కడ తెగుతుందో పట్టుకోవాలి. ఛందస్సు చదివినవాడికి ఇది కొత్త కాదు. పాట కాగితంమీదే ఉంటే వినేవాడుండడు. భజన బృందంలోనైనా ఒక మంచి గొంతును చూసుకుని పాడించి పంపమన్నాను.

అసలు చిక్కు ఆ తర్వాతిది. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. పాడేవాడికి కచేరీ ఉంది, రాసేవాడికేముంది? 2012 చట్ట సవరణతో పరిస్థితి మారింది. సినిమాహాల్లో ప్రదర్శనకు తప్ప, రేడియోలో మోగినా ఫోన్‌లో మోగినా రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంది. సినిమాకు చేరని రికార్డు పాటకూ అంతే. ఆ వాటాను వారసులకో, హక్కుల సంఘానికో తప్ప రాసివ్వడానికి వీల్లేదు.

చదివి వినిపించాను. కుర్రాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం మాత్రం ఇంకా చెయ్యలేదు.